రీఫ్ ట్యాంకులో కనబడ్డ ఈ పురుగులు ఏంటి, తీసేయాలా వద్దా?

మీ రీఫ్ ట్యాంకులో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, రాత్రి టార్చ్ వేస్తే రాయి కింద నుంచి గులాబీ రంగు పురుగు సగం బయటికొచ్చి కనబడింది, పక్కలకి తెల్ల వెంట్రుకలున్నాయి, ఇసుక మీద పారదర్శకంగా దారాలు పాకుతున్నాయి, గ్లాసు మీద తెల్ల చుట్టలున్నాయి, రాళ్ళన్నీ తీసి మంచినీళ్ళలో ముంచేయనా అని అడిగారు కదా. ముంచకండి అండీ. పురుగులతో పాటు రాతిలోపల ఉన్న స్పాంజీలు, చిన్న చిన్న జీవాలు, బ్యాక్టీరియా కూడా చాలావరకు పోతాయి, అవన్నీ లోపలే కుళ్ళి అమోనియా లేస్తే ఇప్పుడు బానే ఉన్న కోరల్స్ కూడా దెబ్బ తింటాయి.

మీరు చెప్పిన మూడూ నా ట్యాంకులో ఏళ్ళ తరబడి ఉన్నాయి, వాటి వల్ల పోయిన కోరల్ ఒక్కటి కూడా లేదు.

గులాబీది మామూలు బ్రిసిల్ వర్మ్ అయ్యుంటుంది. చేపల తిండి పెల్లెట్ ఒకటి రాయి పక్కన పడేసి చూడండి, ముందు తల మాత్రమే బయటికొచ్చి అటూ ఇటూ వెతుక్కుంటుంది, దొరకగానే నోట కరుచుకుని వెనక్కే పోతుంది, తోక మాత్రం కన్నంలోనే ఉంటుంది. పిపెట్‌తో తాకితే పక్కల వెంట్రుకలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. చేత్తో మాత్రం ముట్టుకోకండి, గ్లవ్స్ లేకుండా రాళ్ళు సర్దేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు గుచ్చుకుంటాయి, మంట దురద వాచిపోవడం అన్నీ ఉంటాయి. గుచ్చుకుంటే రుద్దకుండా టేప్ అంటించి లాగేయాలి, ఆ ముళ్ళు కాల్షియం కార్బొనేటే కాబట్టి వెనిగర్ పెడితే కొంత తగ్గుతుంది.

చాలామంది భయపడేది చచ్చిపోతున్న కోరల్ మీద ఈ పురుగు కనబడినప్పుడు. శవం దగ్గర వాలిన కాకిని హంతకురాలు అన్నట్టు ఉంటుంది అది. కుళ్ళిన మాంసం ఉందని వచ్చింది, అంతే. కోరల్ ఎందుకు పోతోందో ఆల్కలినిటీ (నీటి క్షారత), సాలినిటీ (ఉప్పు శాతం), లైటు దగ్గర వెతకండి.

ఇసుక మీద దారాలు స్పగెట్టీ వర్మ్‌వి. అసలు పురుగు ఇసుక రేణువులతో కట్టుకున్న గొట్టంలోనో రాతి సందులోనో ఉంటుంది, బయట కనబడేవి తిండి పట్టుకునే దాని టెంటకిల్సే. మాక్రో లెన్స్‌తో చూస్తే ఒక్కో దారం వెంబడి చిన్న చిన్న కణాలు వరసగా నోటి వైపు జారిపోతూ ఉంటాయి, నేనైతే తిండి వేశాక దాన్నే చూస్తూ కూర్చుంటా. ఇసుకని శుభ్రం చేసే పురుగు, వదిలేయండి. గ్లాసు మీద 1-3 మిల్లీమీటర్ల తెల్ల చుట్టలు స్పైరార్బిడ్లు అనే గొట్టం పురుగులు, అవీ ఏం చేయవు, అడ్డమనిపిస్తే గీకేయండి. ఒకవేళ చుట్ట కాకుండా గట్టి గొట్టం నిలువుగా లేచి, మూతి దగ్గర నుంచి సాలీడు దారంలా జిగురు వల వస్తుంటే అది వర్మెటిడ్, పురుగు కాదు నత్త. ఆ జిగురు కోరల్స్‌ని ఇబ్బంది పెడుతుంది, గొట్టం మూతిని సూపర్ గ్లూతో మూసేయండి.

ఇప్పుడు నిజంగా చూడాల్సినవి. రంగు, పొడవు చూసి తేల్చకండి, తల చూడండి. తల మీద 5 మీసాలు స్పష్టంగా లేచి ఉండి, ఒళ్ళు టార్చ్ వెలుతురుకి రంగులు మారుతూ మెరుస్తుంటే అది యూనిసిడ్ జాతి. బాబిట్ వర్మ్ అనేది వీటిలోదే. ఈ జాతిలో చిన్నవి చాలావరకు గొడవ లేనివే కానీ వేలి లావుంటే, చేపలు మాయమవుతుంటే, కోరల్ ముక్కల్ని కన్నంలోకి లాక్కుపోతుంటే తీసేయాల్సిందే. సగం పట్టుకుని లాగితే తెగి మిగతాది లోపలే ఉండిపోతుంది, మళ్ళీ పెరిగే అవకాశం ఉంది. అందుకే ఆ ఒక్క రాయిని బకెట్‌లో పెట్టి కన్నంలోకి సిరంజితో ప్లెయిన్ సోడా కొట్టడం మేలు, చాలాసార్లు అదే బయటికొచ్చేస్తుంది. ఇంకొకటి అసలు ఫైర్‌వర్మ్, హెర్మోడైస్ అంటారు. దానికి తెల్ల ముళ్ళ పక్కనే ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలుంటాయి, అది బతికున్న కోరల్‌నే తింటుంది. ఇది ఎక్కువగా అట్లాంటిక్, మెడిటరేనియన్ వైపు పురుగు, అందుకే వెంట్రుకలున్న ప్రతిదాన్నీ ఫైర్‌వర్మ్ అని హడలెత్తక్కర్లేదు.

ఫ్లాట్‌వర్మ్స్, అంటే బల్లపరుపు పురుగులు, వేరే కథ. తుప్పు రంగులో, తోక చీలి, ఇసుక మీదా గ్లాసు మీదా మచ్చల్లా పేరుకుంటే మందు వేసే ముందు సైఫన్‌తో వీలైనన్ని లాగేయండి, ఒకేసారి గుంపుగా చస్తే విడుదలయ్యే విషానికి చేపలు పోతాయి, ఆ విషాన్ని పీల్చుకోవడానికి యాక్టివేటెడ్ కార్బన్ కూడా పక్కన రెడీగా పెట్టుకోండి. ఆక్రోపోరా అనే కోరల్‌ని తినే ఫ్లాట్‌వర్మ్ ఆ కోరల్ రంగులోనే కలిసిపోతుంది కాబట్టి పురుగు కనబడదు గానీ దాని గుండ్రటి కాట్ల గుర్తులు కనబడతాయి. కోరల్‌ని మందు నీళ్ళలో ముంచితే (డిప్) ఎదిగిన పురుగులు రాలతాయి, గుడ్లు మాత్రం చావవు, కోరల్ అడుగున చచ్చిన భాగం మీద గోధుమ రంగు గుడ్లుంటే గీకాల్సిందే.

బ్రిసిల్ వర్మ్‌లు మరీ ఎక్కువయ్యాయనుకుంటే అవి పెరిగేది మిగిలిన తిండి వల్లే, తిండి తగ్గిస్తే అవీ తగ్గుతాయి. చిన్న సీసాలో రొయ్య ముక్క పెట్టి సన్న కన్నాలు చేసి రాత్రి ఇసుక మీద వదిలితే కొన్ని దొరుకుతాయి. పురుగుల్ని తినే సిక్స్ లైన్ రాస్ చేపనో యారో క్రాబ్ అనే పీతనో వేసేయమంటారు చాలామంది, నాకు ఆ సలహా నచ్చదు, అవి పురుగుల్నే కాదు ట్యాంకులో మిగతావాటినీ సతాయిస్తాయి.

పంపులు ఆపి ఎర్ర లైటు వేసి చూడండి, తెల్ల లైటు కంటే దానికి తక్కువ బెదురుతాయి. తల కనబడేలా ఫోటో రాకపోతే 10 సెకన్ల వీడియో అయినా పెట్టండి, ఎలా కదులుతోందో చూస్తే సగం తెలిసిపోతుంది.