టెక్ సందేహాలు: క్లాంప్ మీటర్ లెక్కకీ కరెంటు బిల్లు లెక్కకీ తేడా ఎందుకు?

ప్రశ్న: మా ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 10 ఉన్నాయండి. ఈమధ్య ట్రూ ఆర్ఎంఎస్ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) కొన్నాను, బల్బులన్నీ వేసి చూస్తే 0.78 ఆంప్స్ చూపిస్తోంది. 230తో గుణిస్తే 179 వస్తోంది, డబ్బాల మీద చూస్తే మొత్తం 90 వాట్లే. బల్బుల వాళ్లు మోసం చేశారా, లేక నేను ఆర్ఎంఎస్ బదులు యావరేజ్ వాడాలా? (హనుమకొండ నుంచి)

మోసం ఏం లేదండి. మీ మీటరూ కరెక్టే, గుణకారమూ కరెక్టే, కాకపోతే ఆ వచ్చిన 179 వాట్లు కాదు, వోల్ట్ ఆంపియర్లు, అంటే వోల్టేజ్ నీ కరెంటునీ విడివిడిగా కొలిచి గుణించిన లెక్క.

ముందు గీజర్ తో మొదలుపెడదాం, అందులో ఏ తిరకాసూ ఉండదు. మన ఇంటి వోల్టేజ్ సెకనుకి 50 సార్లు ప్లస్ 325కీ మైనస్ 325కీ మధ్య ఊగుతుంటుంది, ఒక సైకిల్ మొత్తానికి యావరేజ్ కడితే సున్నా వస్తుంది, సున్నాతో నీళ్లు కాగవు కదా. పోనీ మైనస్ భాగాన్ని కూడా ప్లస్ అనుకుని తీస్తే 207 వోల్టులు, దాంతో లెక్క వేస్తే 2000 వాట్ల గీజర్ కాస్తా 1620 వాట్లే అని తేలుతుంది, అదీ తప్పే. కాయిల్ లో వేడి వోల్టేజ్ స్క్వేర్ ని బట్టి వస్తుంది కాబట్టి ముందు స్క్వేర్ చేసి, దాని సగటు తీసి, ఆఖర్న రూట్ కట్టాలి, అప్పుడు వచ్చేదే మన 230, దీన్నే ఆర్ఎంఎస్ (రూట్ మీన్ స్క్వేర్) అంటారు. అంటే 230 వోల్టుల డీసీ ఇచ్చినా ఆ కాయిల్ అంతే వేడెక్కుతుంది.

మరి బల్బు దగ్గర ఎక్కడ తేడా కొట్టింది? మామూలు ఎల్ఈడీ బల్బు లోపల డయోడ్ బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చేది), దాని వెనక ఒక కెపాసిటర్ (ఛార్జి నిల్వ ఉంచుకునేది) ఉంటాయి, వోల్టేజ్ పైదాకా వెళ్లిన ఆ కాస్త టైమ్ లోనే అది గబుక్కున కరెంటు లాగేసి మిగతా టైమ్ ఊరుకుంటుంది. స్క్వేర్ చేసేసరికి ఆ పొడుగాటి గుటకలకి బరువు పెరిగి ఆర్ఎంఎస్ ఎక్కువ చూపిస్తుంది. అసలు వాట్లు కావాలంటే ఏ క్షణం వోల్టేజ్ ని ఆ క్షణం కరెంటుతోనే గుణించి, ఆ తర్వాత సగటు తీయాలి. రెండిటినీ విడివిడిగా తీసి గుణిస్తే గీజర్, ఇస్త్రీపెట్టె లాంటి వాటికే సరిపోతుంది. మీ 90ని 179తో భాగిస్తే వచ్చే 0.5నే పవర్ ఫ్యాక్టర్ అంటారు.

నమ్మకం కుదరకపోతే, బిల్లు లెక్క కట్టే ఇంటి మీటర్ మీద ఎర్రగా మిణికే లైట్ చూడండి. మా మీటర్ మీద యూనిట్ కి 3200 ఇంపల్స్ అని రాసుంది, అంటే ఒక యూనిట్ కి అన్నిసార్లు మిణుకుతుంది, మీ దాని మీద ఎంతుందో చూసుకోండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, రౌటర్ అన్నీ ఆపేసి ఆ 10 బల్బులే వేసి, ఫోన్ లో స్టాప్‌వాచ్ పెట్టండి. 3200 అయితే 90 వాట్లకి దాదాపు 12.5 సెకన్లకి ఒకసారి మిణుకుతుంది, నిజంగానే 179 వాట్లయితే 6 సెకన్లు దాటగానే మిణకాలి. నాకు ఏ సూత్రం కన్నా ఈ చిన్న లైటే ఎక్కువ నచ్చుతుంది, ఎవరికైనా చూపించి ఒప్పించొచ్చు.

ఇంకోటి, చవక క్లాంప్ మీటర్లు యావరేజ్ తీసి 1.11తో గుణించి దాన్నే ఆర్ఎంఎస్ అని చూపిస్తాయి, అది సైన్ వేవ్ కి (గీజర్ కరెంటు లాంటి నున్నటి అలకి) తప్ప పనికిరాదు, ఇలాంటి బల్బుల మీద తక్కువ చూపిస్తాయి. మీరు ట్రూ ఆర్ఎంఎస్ కొని మంచి పనే చేశారు.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం 12 వోల్టుల బ్యాటరీతో 6 ఓమ్స్ హీటర్ ని 50 శాతం పీడబ్ల్యూఎంలో (వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ, సగం టైమ్ ఆన్ లో ఉంచి) నడుపుతున్నా సార్. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూడ్డానికి ఏ కరెంటు తీసుకోవాలి? (రాజమండ్రి నుంచి బీటెక్ స్టూడెంట్)

ఇక్కడ యావరేజే తీసుకో బాబూ. ఆన్ లో 2 ఆంప్స్, ఆఫ్ లో సున్నా, సగటు 1 ఆంప్, బ్యాటరీ వోల్టేజ్ 12 దగ్గరే నిలబడుతుంది కాబట్టి 12 వాట్లు, గంటకి 12 వాట్ అవర్స్. ఆర్ఎంఎస్ కరెంటు 1.41ని 12తో గుణిస్తే 17 వాట్లొచ్చి బ్యాటరీ అనవసరంగా పెద్దది కొంటావు. అలాగని ఆ 1.41ని పక్కన పడేయొద్దు, వైరు, మాస్ఫెట్ (ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) ఎంత వేడెక్కుతాయో చూసుకునేది దాంతోనే.