వ్యూస్ తగ్గాయని అమ్మాయి కుంగిపోతోంది

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. నిరుడు తను పెట్టిన డ్యాన్స్ వీడియో ఒకటి వైరల్ అయింది. చుట్టాలందరికీ మేమే గర్వంగా చూపించుకున్నాం. ఆ తర్వాత పెట్టినవేవీ అంతగా ఆడలేదు. ఇప్పుడు రాత్రంతా ఫోన్ చూస్తూనే ఉంటుంది. 'నన్నెవరూ పట్టించుకోవట్లేదు, నేను జీరో' అని ఏడుస్తుంది. నెలరోజులుగా కాలేజీకి వెళ్లడం లేదు. ఫోన్ లాక్కుంటే తిండి మానేసింది. ఏం చేయాలో తోచడం లేదు.
- ఒక తల్లి

జవాబు: చుట్టాలకు చూపించుకున్నామని రాశారు. అందులో తప్పేం లేదమ్మా, బిడ్డను నలుగురూ మెచ్చుకుంటే ఏ తల్లయినా మురిసిపోతుంది. కానీ ఆ రోజుల్ని ఒక్కసారి మీ అమ్మాయి వైపు నుంచి చూడండి. ఎవరొచ్చినా ముందు ఆ వీడియో ఊసే ఎత్తి ఉంటారు. పొద్దున లేవగానే 'ఎన్ని వ్యూస్ వచ్చాయే?' అని ఇంట్లోవాళ్లూ అడిగి ఉంటారు. అంకె పెరిగినన్నాళ్లూ అందరి కళ్లూ తన మీదే. అంకె ఆగింది, అడగడమూ ఆగింది. 'నేను జీరో' అనే మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నాకనిపిస్తోంది.

ముక్కూమొహం తెలియనివాళ్లు చూడకపోతే ఇంత బాధేమిటని మీకు అనిపించవచ్చు. ఇది మీ అమ్మాయి బలహీనత కాదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం ప్రాణి విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. ప్రతిసారీ వచ్చేది ఆగిపోతే త్వరగానే వదిలేస్తాం. ఎప్పుడో ఒకసారి వచ్చేది మాత్రం 'ఈసారి వస్తుందేమో' అని కూర్చోబెడుతుంది. అర్ధరాత్రి దాటాక కూడా మీ అమ్మాయి బొటనవేలితో స్క్రీన్‌ని కిందికి లాగి, కొత్తగా ఏమైనా వచ్చిందా అని చూస్తుంటే అది ఈ ఆశే. అందుకే ఫోన్ లాక్కున్నా ఫలితం లేకపోయింది.

పోనీ, కోరుకున్న పేరు దొరికితే మనసు నిండుతుందా? అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాలేజీ చదువు ముగించిన 147 మందిని ఏడాది తేడాతో రెండుసార్లు పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. డబ్బు, పేరు, అందం లాంటి లక్ష్యాలను సాధించినవాళ్లలో సంతోషం పెరగలేదు, పైగా ఆందోళన లాంటి ఇబ్బందులు కనిపించాయి. తమను తాము మెరుగుపరచుకోవడం, దగ్గరి బంధాలు నిలుపుకోవడం లాంటివి సాధించినవాళ్లు హాయిగా ఉన్నారు. జపాన్ టెన్నిస్ క్రీడాకారిణి నవోమీ ఒసాకా సంగతే చూడండి. సరిగ్గా మీ అమ్మాయి వయసులోనే, 2018లో యూఎస్ ఓపెన్ గెలిచింది. 2021లో ఫ్రెంచ్ ఓపెన్ మధ్యలోనే తప్పుకుంటూ, ఆ యూఎస్ ఓపెన్ నాటి నుంచి డిప్రెషన్‌తో బాధపడుతున్నానని చెప్పింది. ఇదంతా మీకోసం చెబుతున్నా. మీ అమ్మాయి దగ్గర ఇప్పుడే ఎత్తకండి, క్లాసు పీకుతున్నారనుకుంటుంది.

ముందు మీరు ఆమె డ్యాన్స్ చూడండి, ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. 'ఈ స్టెప్పు ఎలా పట్టుకున్నావు, ఎన్నాళ్లు పట్టింది?' అని అడగండి. వ్యూస్ మాట మీ నోట రాకూడదు, చుట్టాలు అడిగినా మాట మార్చేయండి. డ్యాన్స్ మానెయ్యమని మాత్రం అనొద్దు. తనకు నిజంగా ఇష్టమైంది అదే కావచ్చు, దాన్నీ పోగొట్టకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య కనబడకుండా పెట్టుకునే వీలు 2021 నుంచి ఉంది. తను ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి మార్చండి. రాత్రిపూట ఫోన్లు పడకగదిలోకి రాకూడదని ఇంట్లో అందరికీ ఒకటే రూల్ పెట్టండి, మీ ఫోన్‌తో సహా.

కాలేజీ గురించి ఇప్పుడే గొడవ వద్దు. కానీ నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, తను దేనికీ పనికిరాననుకోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు. మీరు రాసినదాన్నిబట్టి ఆ గడువు ఎప్పుడో దాటింది. ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించండి. చచ్చిపోతాననే మాట ఎప్పుడు అన్నా, బెదిరింపని కొట్టిపారేయకుండా ఆ రోజే తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. 'నీకేదో అయింది' అనకుండా, 'నీకు నిద్ర పట్టడం లేదు, నాకు బెంగగా ఉంది, ఇద్దరం వెళ్దాం' అనండి. తోడుగా మీరే వెళ్లండి.