మొక్కల్లోని రోగనిరోధక గ్రాహకాలు మన పొలం దాకా వస్తాయా?

ప్రశ్న: మాది బీపీటీ వరి వేసే ఊరు. బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు దాదాపు ఏటా తగులుతోంది. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. రోగాన్ని పసిగట్టే ప్రొటీన్లు, అంటే గ్రాహకాలు, మొక్కల్లో ఉంటాయని, వాటిని వెతికి, మార్చి తెగులు రాని పంటలు తయారు చేస్తున్నారని చదివాను. ఇది మా పొలం దాకా వచ్చే పనేనా, ప్రయోగశాలలోనే ఆగిపోయేదా? పరిశోధనకు ఈ అంశం తీసుకోవచ్చా?

జవాబు:

వచ్చేసింది. 2008లోనే వచ్చింది. కాకపోతే రైతుకు అమ్మేటప్పుడు గ్రాహకం గురించి ఎవరూ చెప్పరు కదా, విత్తనం పేరే చెబుతారు. బాపట్ల నుంచి 1986లో విడుదలైన మీ బీపీటీ 5204లోకే మూడు నిరోధక జన్యువులను తెచ్చి, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అనే వంగడాన్ని రూపొందించాయి. ఆ మూడింటిలో ఒకటైన ఎక్స్‌ఏ21 మీరు అడుగుతున్న గ్రాహకమే. ఇది జన్యుమార్పిడి పంట కాదు. మామూలు సంకరణమే చేసి, ఏ పిల్లమొక్కలో జన్యువు ఉందో డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఏరుకుంటూ, మళ్లీ మళ్లీ బీపీటీతో కలుపుతూ వచ్చారు. అందుకే గింజ తీరు మారలేదు, అనుమతుల గొడవా రాలేదు.

నేను కొన్నేళ్లు వరి తెగుళ్ల మీద పనిచేశాను. ఎండాకు తెగులు నిరోధాన్ని పరీక్షించే పద్ధతి చూస్తే ఇంత పెద్ద శాస్త్రం ఇంత మోటు పనిముట్టు మీద నడుస్తోందా అనిపిస్తుంది. బాక్టీరియాను నీటిలో కలిపి, కత్తెర అందులో ముంచి, పిలకలు బాగా వేసిన దుబ్బులో ఆకుల కొనలు కత్తిరించడం. అంతే. రెండు వారాలు ఆగి స్కేలు పట్టుకుని మడిలో దిగాలి. మామూలు బీపీటీలో కోసిన చోటు నుంచి గడ్డి రంగు మచ్చ అలలు తిరిగిన అంచుతో ఆకు సగం దాకా దిగి ఉంటుంది. పొద్దున్నే చూస్తే దాని మీద పసుపు రంగు జిగురు బొట్లు కూడా ఉంటాయి, ఎండెక్కేసరికి అవి గట్టిపడి పూసల్లా రాలతాయి. పక్క వరుసలో మూడు జన్యువులున్న మొక్కల్లో మచ్చ రెండు మూడు సెంటీమీటర్లకే ఆగిపోతుంది. నడుమంతా ఒంగి వందలకొద్దీ ఆకులు కొలిచాక మాత్రం కత్తెర అంటేనే విసుగు పుడుతుంది, అది వేరే సంగతి.

ఇక ఆ ఆగిపోవడం ఎలా జరుగుతుందంటే, మన రక్తంలో తిరిగే తెల్లకణాల్లాంటివి మొక్కకు లేవు. ఏ కణానికాకణం తన కాపలా తానే కాసుకోవాలి. కొన్ని గ్రాహకాలు కణం పైపొరలో ఉండి బయటికి చూస్తుంటాయి. ఎక్స్‌ఏ21 ఆ జాతిది. ఎన్‌ఎల్‌ఆర్‌లనే మరో రకం కణం లోపల ఉండి, సూక్ష్మజీవి లోపలికి పంపిన ప్రొటీన్లను పట్టుకుంటాయి. ఇవి రేగితే చాలాసార్లు ఆ కణం తనంతట తాను చచ్చిపోయి తెగులును అక్కడికక్కడే ఆపుతుంది.

ఎక్స్‌ఏ21 చరిత్ర మీలాంటి విద్యార్థి తప్పక తెలుసుకోవాలి. ఆఫ్రికాలోని మాలి ప్రాంతపు అడవి వరి ఒకటి మన దగ్గరి బాక్టీరియా రకాలన్నిటికీ తట్టుకుంటోందని 1977లో భారతీయ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గుర్దేవ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని సాగు వరిలోకి తేవడానికి పన్నెండేళ్లు పట్టింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం జన్యువును వేరుచేసింది. ఇంతకీ ఆ గ్రాహకం బాక్టీరియాలో దేన్ని పసిగడుతోంది? 2009లో రొనాల్డ్ బృందమే ఒక జవాబు ప్రచురించింది. తర్వాత తమ ప్రయోగశాలలోనే బాక్టీరియా రకాలు కలగలిసిపోయాయని తేలడంతో 2013లో ఆ పత్రాన్ని వారే వెనక్కి తీసుకున్నారు. అసలు జవాబు 2015లో దొరికింది: ర్యాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రొటీన్. జన్యువు చేతికొచ్చాక ఇరవై ఏళ్లు! ఈలోగా మన దగ్గర ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలై పొలాల్లో పండుతూనే ఉంది. అంటే గ్రాహకం ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియకపోయినా వాడుకోవచ్చు. కొత్తగా రూపొందించాలంటే మాత్రం తెలియాలి.

ఆ 2015 పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది. ర్యాక్స్‌ఎక్స్‌లో చిన్న తేడా ఉన్న బాక్టీరియా రకాలు ఎక్స్‌ఏ21 కంట పడకుండా తప్పించుకుంటున్నాయి. గ్రాహకం బలహీనపడలేదు, అది గుర్తుపట్టే వస్తువే మారిపోయింది. నా దృష్టిలో ఈ రంగం మొత్తానికి గుండెకాయ ఇదే. కొత్త గ్రాహకాన్ని కనిపెట్టామని పత్రికల్లో వార్త వస్తే నేను మొదట చూసేది దానికి తోడుగా ఏం పెట్టారని. ఒంటరిగా వదిలిన గ్రాహకానికి ఎక్కువ కాలం ఆయుష్షు ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో నాకు బాగా నచ్చేది అందుకే మిగతా రెండు జన్యువులు. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అసలు గ్రాహకాలే కావు. ఎండాకు తెగులు బాక్టీరియా తన ప్రొటీన్లను వరి కణంలోకి పంపి, చక్కెరను కణం బయటికి తోసే స్వీట్11 అనే వరి జన్యువును తన తిండి కోసం పని చేయించుకుంటుంది. ఎక్స్‌ఏ13లో ఆ జన్యువు ముందున్న డీఎన్‌ఏ భాగం మారిపోవడంతో బాక్టీరియా ప్రొటీనుకు అక్కడ పట్టు దొరకదు. ఎక్స్‌ఏ5లో, అలాంటి ప్రొటీన్లు పనిచేయడానికి ఆసరాగా వాడుకునే వరి ప్రొటీనే కొద్దిగా తేడాగా ఉంటుంది. ఒకటి బాక్టీరియాను పసిగడుతుంది, మిగతా రెండూ దానికి సహకరించవు. ఒకే మార్పుతో మూడింటినీ దాటడం బాక్టీరియాకు చాలా కష్టం. 2019లో స్వీట్ జన్యువుల ముందు భాగాలను, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో సవరించి ఇదే దారిలో నిరోధం తెచ్చారు.

గ్రాహకాలనే కొత్తగా మలచడం గురించి అడిగారు. దానికి శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గితెగులు మీద జరిగిన పని చూడండి. ఆ శిలీంధ్రం ఏవీఆర్-పిక్ అనే ప్రొటీన్‌ను వరి కణంలోకి పంపుతుంది. అది హెచ్‌ఎంఏ అనే భాగమున్న వరి ప్రొటీన్లను అతుక్కుంటుంది. కొన్ని వరి రకాలు అలాంటి హెచ్‌ఎంఏ భాగాన్నే పిక్ అనే ఎన్‌ఎల్‌ఆర్‌లో ఇముడ్చుకున్నాయి, వలలో మేత పెట్టినట్టు. శిలీంధ్రం మళ్లీ తన ప్రొటీన్‌ను మార్చుకుంది. ఒక్క అమైనో ఆమ్లం తేడాతో, సహజంగా దొరికిన పిక్ గ్రాహకాలేవీ పట్టుకోలేని రూపాలు వచ్చాయి. ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో పరిశోధకులు ఈ రెండు ప్రొటీన్లూ ఎక్కడ ఎలా అతుక్కుంటున్నాయో స్ఫటికాల సాయంతో అణువుల స్థాయిలో చూసి, ఆ మేతనే మార్చారు. అలా మార్చిన గ్రాహకాలున్న వరి, తప్పించుకు తిరిగే ఆ రూపాన్ని కూడా అడ్డుకుందని 2023లో చూపించారు. అదే ఏడాది నారిచ్ నుంచే ఇంకో విచిత్రం వచ్చింది. హెచ్‌ఎంఏ స్థానంలో ఒంటె జాతి జంతువుల ప్రతిరక్షకాల నుంచి తీసిన చిన్న ముక్కను అమర్చితే, మొక్క ఆ ముక్క గుర్తుపట్టే ప్రొటీన్‌ను పసిగట్టి నిరోధం చూపింది. ఇది ప్రయోగాలకు వాడే పొగాకు జాతి మొక్కలో చూపిన ఫలితం, పంటలో కాదు.

పంటకు రావడానికి నేను చూసిన అడ్డంకి ఒకటి చెబుతాను. మలచిన గ్రాహకం శత్రువు లేకుండానే రేగవచ్చు. అలాంటి మొక్కలు గిడసబారిపోతాయి, ఆకుల నిండా మాడిన చుక్కలు. తెగులు రాదు నిజమే, కంకీ రాదు. ఇంకొకటి, మన ఎండలు. పొగాకులో మొజాయిక్ వైరస్‌ను ఆపే ఎన్ అనే గ్రాహకం 28 డిగ్రీలు దాటితే పనిచేయదు. అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. వరిలోని ఎక్స్‌ఏ7 అనే ఎండాకు తెగులు నిరోధక జన్యువు వేడిలోనే ఇంకా బాగా పనిచేస్తుంది. చల్లటి గ్రీన్‌హౌస్‌లో వచ్చిన ఫలితాన్ని మన వాతావరణంలో మళ్లీ పరీక్షించకుండా నమ్మకండి.

అనుమతుల మాట. బయటి జన్యువు లేకుండా సవరించిన పంటలకు మన దేశంలో 2022 నుంచి జన్యుమార్పిడి పంటల కఠిన నియమాలు చాలావరకు వర్తించవు. 2025 మే నెలలో ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 అలా సాంబ మసూరిని సవరించి హైదరాబాదులో చేసినదే, కానీ అది ప్రధానంగా దిగుబడి కోసం. వేరే మొక్క గ్రాహకాన్ని తెచ్చి పెడితే మాత్రం పాత నియమాలే.

పరిశోధనకు తీసుకోండి, తప్పకుండా. అయితే కంప్యూటర్ మీద ప్రొటీన్ ఆకృతులు చూడటంతో ఆగవద్దు. మన అడవి వరుల్లో వెతకాల్సింది ఇంకా చాలా ఉంది. ఎక్స్‌ఏ33, ఎక్స్‌ఏ38 అనే ఎండాకు తెగులు నిరోధక జన్యువులు రెండూ నివార అనే అడవి వరి నుంచి వచ్చినవే. కత్తెర పట్టి మడిలో దిగగలిగినవారు, జన్యుక్రమం చదవగలిగినవారు ఈ రంగంలో విడివిడిగా చాలామంది ఉన్నారు. రెండూ వచ్చినవారు తక్కువ.

మీ పొలం సంగతికొస్తే, విత్తనం మార్చే ముందు అది ఎండాకు తెగులేనని నిర్ధారించుకోండి. పొటాష్ లోపంలోనూ, చౌడులోనూ ఆకుల కొనలు ఎండుతాయి. మచ్చ, పచ్చదనం కలిసే చోట ఆకును కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో నిలబెట్టండి. కోసిన అంచు నుంచి పాలలాంటి తెల్లటి ధార దిగితే బాక్టీరియా ఉన్నట్టే. ఈ తెగులుకు నమ్మకంగా పనిచేసే మందు లేదు కాబట్టి ఈ పైరుకు యూరియా ఆపి, మడిలో నీరు తీసేయండి. వచ్చే ఖరీఫ్‌కు ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని పూర్తి పేరు చెప్పి అడగండి. సాంబ మసూరి పేరుతో దొరికేదంతా అది కాదు. అగ్గితెగులుకు, పాముపొడకు దానిలో పెట్టిన రక్షణ ఏదీ లేదు, వాటి జాగ్రత్తలు ఎప్పటిలాగే తీసుకోవాలి.