పాత ఫంక్షన్ ప్రవర్తనను మార్చేయొచ్చా?

ప్రశ్న: నేను ఓపెన్ సోర్స్‌గా పెట్టిన చిన్న లైబ్రరీని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. అందులో టెక్స్ట్‌ని అంకెగా మార్చే ఫంక్షన్ ఒకటుంది. ఇన్‌పుట్ తప్పుగా ఉంటే అది ఏమీ చెప్పకుండా సున్నా ఇచ్చేస్తుంది. ఇకపై ఎర్రర్ ఇచ్చేలా మార్చాలనుకుంటున్నాను. సున్నా వస్తుందని డాక్యుమెంటేషన్‌లో ఎక్కడా రాయలేదు కాబట్టి మార్చినా ఫర్వాలేదు కదా?

జవాబు: అదే పేరుతో ఉన్న ఫంక్షన్ ప్రవర్తనను మాత్రం మార్చకండి. మీరు రాయలేదన్నది నిజమే, కానీ వాడేవాళ్లు ఒకసారి రన్ చేసి, ఏం వచ్చిందో చూసి, దాన్ని నమ్ముకునే మిగతా కోడ్ రాసుకుంటారు. సున్నా వస్తే ఆ గడి ఖాళీ అని ఈపాటికి ఎవరో ఒకరు లెక్కేసుకునే ఉంటారు.

2010లో లినక్స్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లినక్స్ ప్రోగ్రాములు ఎక్కువగా ఆధారపడే ప్రాథమిక లైబ్రరీ జీలిబ్‌సీలో, మెమరీని ఒకచోట నుంచి ఇంకోచోటికి కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌ని వేగం కోసం మార్చారు, దాంతో కొన్ని ప్రాసెసర్ల మీద అది చివరి నుంచి వెనక్కి కాపీ చేయడం మొదలుపెట్టింది. రెండు చోట్లూ ఒకదానిమీదికొకటి వచ్చేటట్టయితే దీన్ని వాడొద్దని నిబంధనల్లో మొదటి నుంచీ ఉంది. బ్రౌజర్‌లో వీడియోలు ఆడించే ఫ్లాష్ ప్లేయర్ అలాగే వాడింది, ఫెడోరా 14 అనే లినక్స్ వెర్షన్‌లో దాని సౌండ్ పాడైంది. నిబంధన ప్రకారం తప్పు ఫ్లాష్‌దే, కానీ నిన్నటిదాకా బాగా వినపడిన వీడియో అప్‌డేట్ తర్వాత గరగరలాడితే వినేవాడికి ఆ నిబంధనతో ఏం పని? లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా వాదించింది కూడా ఇదే. చివరికి జీలిబ్‌సీ 2.14లో రెండు రకాలూ ఉంచారు: పాత ప్రోగ్రాములకు పాత పద్ధతి, కొత్తగా కంపైల్ చేసినవాటికి కొత్తది.

మీరూ అదే చేయండి. ఎర్రర్ ఇచ్చే ఫంక్షన్‌ని కొత్త పేరుతో పెట్టండి. పాతది లోపల కొత్తదాన్నే పిలిచి, ఎర్రర్ వస్తే పట్టుకుని సున్నా ఇస్తే సరిపోతుంది, నాలుగైదు లైన్ల పని. పాతదాన్ని పిలిచినప్పుడు వచ్చే హెచ్చరికలో కొత్త పేరు తప్పకుండా రాయండి, ఉత్త 'డెప్రికేటెడ్' (ఇకపై వాడొద్దు) అని వదిలేస్తే ఎటు వెళ్లాలో వాళ్లకెలా తెలుస్తుంది? తీసేయాల్సే వస్తే వెర్షన్‌లో మొదటి అంకె పెంచినప్పుడే తీయండి. నన్నడిగితే అసలు తీయకండి, ఆ నాలుగు లైన్లు ఎవరికీ బరువు కాదు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌నే చూడండి: పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబర్‌లో, పైథాన్ 2కి సపోర్ట్ ఆగింది 2020 జనవరి 1న. పాతదాన్ని ఆపడానికి అంత పెద్ద బృందానికే పదకొండేళ్లు దాటింది.

అలాగని ఏదీ ముట్టుకోకూడదని కాదు. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కూడా బయటి ప్రోగ్రాములకిచ్చిన ఇంటర్‌ఫేస్‌ని చెడనివ్వదు గానీ, లోపల డ్రైవర్లు వాడేవాటిని అవసరమైనప్పుడల్లా మార్చేస్తుంది, ఆ సంగతి ముందే చెప్పేసింది కూడా. మీ లైబ్రరీలోనూ బయటివాళ్లకు అక్కర్లేని ఫంక్షన్లను ప్రైవేట్‌గానే ఉంచండి, వాటిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. ఈ పని మొదలుపెట్టే ముందే పాత ఫంక్షన్‌కి టెస్టులు రాసేయండి, ఖాళీ టెక్స్ట్ ఇస్తే సున్నా రావాలన్నదానితో సహా.