బస్సెక్కితేనే తిప్పే అమ్మకి షిప్పులో ఏ గది?

ఒంగోలు నుంచి అడిగిన అన్నకి: మీ అమ్మగారికి కందుకూరు బస్సెక్కినా కడుపులో తిప్పుతుందన్నారు. చెన్నైలో క్రూయిజ్ ఎక్కించబోతున్నారు, పై డెక్కులో, అంటే పై అంతస్తులో, బాల్కనీ గది తీసుకోవాలా, కింద చవక గది తీసుకోవాలా అని మీ అనుమానం. కింద గదే తీసుకోండి. కాకపోతే అది షిప్పు పొడవులో నడిమధ్యకి దగ్గరగా ఉండాలి. ఎన్నో డెక్కు అన్నదానికంటే ఇదే ముఖ్యం.

ఆర్టీసీ బస్సులో చివరి సీటు ఎంత ఎగరేస్తుందో మనకి తెలిసిందే. షిప్పుకి ముందు కొనా వెనక కొనా రెండూ అలాంటి సీట్లే. అలమీద ముందు కొన లేస్తే వెనక కొన దిగుతుంది, నడుమ ఉన్నవాళ్లకి ఆ ఎగుడుదిగుడు బాగా తక్కువ. పక్కలకి ఊగడం వేరే సంగతి. దాన్ని తగ్గించడానికి నీళ్లలో రెండు వైపులా స్టెబిలైజర్లని రెక్కలు ఉంటాయి, షిప్పు వేగంగా పోయేటప్పుడు బాగానే పనిచేస్తాయి. ముందూ వెనకా లేచిపడటాన్ని మాత్రం అవి ఆపలేవు. కాబట్టి ఏజెంటు ‘స్టెబిలైజర్లున్నాయి సార్, ఏ గదైనా ఒకటే’ అంటే తల ఊపకండి.

మేము నెల్లూరు నుంచి రెండు కుటుంబాలుగా వెళ్లాం. మా గది కింది డెక్కులో, దాదాపు మధ్యన. మా బావమరిది వాళ్లది పైన, ముందు వైపు, బాల్కనీతో. పగలంతా అందరం ఆ బాల్కనీలోనే కూర్చున్నాం, దాని అందం దానిదే, కాదనను. రాత్రికి గాలి లేచింది. వాళ్ల అల్మారాలో హ్యాంగర్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయట, చెల్లెమ్మ బాత్రూం వదల్లేదు. మా గదిలో గ్లాసులో నీళ్లు కాస్త అటూ ఇటూ వాలాయి, అంతే. మా అత్తమ్మ గురకపెట్టి నిద్రపోయింది. అర్ధరాత్రి దాటాక చెల్లెమ్మ దిండు తీసుకుని మా గదికే వచ్చేసింది. పొద్దున్నే బావమరిది మొహం చూడాలి, డబ్బులు ఎక్కువ కట్టింది ఆయనే మరి.

ఇక కిటికీ. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంటే, కళ్లు ఎదుటి గోడని చూసి అదేం లేదంటాయి. ఈ తగువుకే వాంతులు. దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసేచోట చూపు పెడితే సర్దుకుంటుంది. అందుకని డబ్బులు కుదిరితే కింద, నడుమ, కిటికీ ఉన్న గది. కిటికీ కోసం మాత్రం ముందు కొనకి పోవద్దు. నడుమన ఉన్న లోపలి గదే మేలు, కళ్లు మూసుకుని పడుకున్నాక కిటికీతో పనేముంది? పగలు తిప్పినట్టనిపిస్తే అమ్మని బయటి డెక్కుమీదకి తీసుకెళ్లండి.

బుక్ చేసేటప్పుడు డెక్ ప్లాన్, అంటే ఏ గది ఎక్కడుందో చూపే బొమ్మ, అడిగి తీసుకోండి. లిఫ్టు పక్కన ఉంటే మధ్యలో ఉన్నట్టే అనుకోకండి, కొన్ని షిప్పుల్లో లిఫ్టులు రెండు కొసల వైపూ ఉంటాయి. బొమ్మమీద స్కేలు పెట్టి సగం గుర్తు పెట్టుకోవడం ఉత్తమం. సరిగ్గా అక్కడ దొరక్కపోతే కొంచెం వెనక్కి జరగండి, ముందుకి వద్దు. మరీ చివరికంటా పోతే ప్రొపెల్లర్ల అదురు మొదలవుతుంది. కుడివైపా, ఎడమవైపా అన్నది పట్టించుకోనక్కర్లేదు. ‘గ్యారంటీ’ గదులని చవగ్గా అమ్ముతారు, అందులో మిగిలిన గది ఏదైతే అది ఇస్తారు. మీకు అది పనికిరాదు.

నెల మీ చేతిలో ఉంటే ఫిబ్రవరి, మార్చి చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన సముద్రం సంగతి మనకొకరు చెప్పాలా? 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా నెల్లూరుని ఎంత తడిపిందో చూశాం కదా.

మాత్ర సంగతి: అవోమిన్ లాంటివి ప్రయాణానికి ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవవు. మత్తుగా ఉంటుంది. అమ్మగారికి గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందు డాక్టరుని అడగండి. ఎక్కే రోజు పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టండి, చేపల పులుసు తిరిగొచ్చాక తినొచ్చు.