పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: కారు షెడ్డులో పుట్టగొడుగుల గది

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. కారు అమ్మివేసిన తరువాత ఇంటికి ఆనుకొని ఉన్న షెడ్డు ఖాళీగా ఉన్నది. పొడవు 18 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు. పైన సిమెంటు రేకులు, ముందు రోలింగ్ షట్టర్, ఎడమవైపు గోడకు అవతల మా పడకగది. అందులో గడ్డి, విత్తనం నింపిన సంచులు 200 పట్టేలా ముత్యపు చిప్ప పుట్టగొడుగుల గది కట్టుకోవాలని ఉన్నది. షెడ్డు గోడలకే పాలిథీన్ షీటు అంటించి, షట్టర్ దగ్గర ఒక తడక అడ్డం పెడితే సరిపోతుందని వెల్డింగు పనివాడు అంటున్నాడు. అలా చేయవచ్చునా? – ఒక పాఠకురాలు, గుణుపురం

సమాధానం: అలా చేయవద్దమ్మా. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. రాయగడలో మా ఇంట్లో మొదటిసారి నేను చేసినది సరిగ్గా అదే. సామాన్ల గదితో కలిసిన గోడకు నేరుగా షీటు అంటించాను. వానాకాలం ముగిసేసరికి షీటు వెనుక గోడ పూత ఉబ్బి, సున్నం పొడిపొడిగా రాలింది. అవతలి గదిలో గోడకు ఆనించిన చెక్క బీరువాకు చెద పట్టింది. పుట్టగొడుగుల గదిలో గాలి తేమ రోజంతా 80 నుంచి 90 శాతం వరకు ఉండాలి. మామూలు ఇటుక గోడ అంత తేమను నెలల తరబడి భరించలేదు. అందువల్ల మీరు కట్టవలసినది షెడ్డు గోడలతో ఏ సంబంధమూ లేని మరొక గది. దానికి తన కాళ్లు, తన గోడలు, తన పైకప్పు ఉండాలి. పడకగది గోడకూ ఈ గది గోడకూ మధ్య కనీసం ఒక అడుగు, మిగిలిన వైపుల నాలుగు నుంచి ఆరంగుళాలు ఖాళీ వదలండి. ఆ అడుగు సందులోకి అప్పుడప్పుడు టార్చిలైటు వేసి చూస్తే తేమ మరకైనా చెదపుట్టైనా మొదట్లోనే కంటబడుతుంది.

పని నేల నుంచి మొదలుపెట్టండి. షెడ్డు గచ్చు సాధారణంగా షట్టర్ వైపు వాటంగా ఉంటుంది. ఒక చెంబు నీళ్లు పోసి అవి ఎటు పారుతున్నాయో చూసి, ఆ వాటాన్నే వాడుకోండి. పది అడుగుల పొడవుకు ఒక అంగుళం పైచిలుకు వాలు చాలు. గది హద్దు చుట్టూ నాలుగంగుళాల ఎత్తున ఇటుకతో చిన్న గట్టు కట్టించి, సిమెంటు పూత వేయించండి. పల్లపు మూలలో ఒకటిన్నర అంగుళాల పైపు పెట్టి, దాని నోటికి జల్లెడ బిగించండి. ఇనుప ఫ్రేము ఈ గట్టు మీద నిలబడాలి తప్ప గచ్చు మీద కాదు. అడుగు పైపు నీళ్లలో నానితే ఎంత మంచి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు అయినా మొదట తుప్పు పట్టేది అక్కడే.

ఫ్రేముకు రెండంగుళాల లోతు, ఒక అంగుళం వెడల్పు గల జీఐ పైపు తీసుకోండి. పైపు లోతు రెండంగుళాలు ఎందుకంటే, పైపుల మధ్య వేడి ఆపడానికి అమర్చే థర్మోకోల్ షీటు మందం కూడా రెండంగుళాలే. రెండూ సమంగా ఉంటే గోడ లోపలా బయటా చదునుగా వస్తుంది. పనివాళ్లు తరచుగా చేసే పొరపాటు ఒకటి చెబుతాను. వాళ్లు ముందు ఫ్రేము కట్టి, తరువాత షీట్లు తెచ్చి, ప్రతి ముక్కనూ కోస్తారు. కోసిన ప్రతిచోటా సందు మిగులుతుంది, ఆ సందులో తేమ చేరుతుంది. మీరు ముందు దుకాణానికి వెళ్లి షీటు కొలవండి. సాధారణంగా దొరికేది మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. నిలువు పైపుల మధ్య ఖాళీని అదే అర మీటరుగా పెట్టించండి. అలాంటి ఆరు గళ్లు వరుసగా పెడితే గది పొడవు 10 అడుగుల 5 అంగుళాలు వస్తుంది. వెడల్పు 8 అడుగులు చాలు. అటువైపు ఒక గడి ఇరుకుగా మిగులుతుంది, షీటు కోయవలసినది అక్కడ మాత్రమే. ప్రతి మూలలోనూ ఏటవాలు బద్ద ఒకటి వేయించండి. లేకపోతే తలుపు వేసినప్పుడల్లా గది మొత్తం కదిలి షీటు అతుకులు విడిపోతాయి. వెల్డింగు షట్టర్ పూర్తిగా ఎత్తి, వీలైతే ఆరుబయట చేయించండి, ఎందుకంటే జీఐ పూత కాలినప్పుడు వచ్చే పొగ పీల్చితే జ్వరం వస్తుంది. అతుకుల దగ్గర ఆ పూత పోతుంది కనుక జింకు ప్రైమరు రెండుసార్లు పూయించండి. వెల్డింగు అంతా ముగిసి ఇనుము చల్లారిన తరువాతే థర్మోకోల్‌ను షెడ్డులోకి తేవాలి. అది నిప్పురవ్వకు చాలా త్వరగా అంటుకుంటుంది.

పాలిథీన్ షీటు 200 మైక్రాన్లది తీసుకొని, దానిని గది లోపలి వైపు అతుకులు లేకుండా, అతుకు తప్పనిచోట ఆరంగుళాలు ఒకదానిపై ఒకటి వచ్చేలా వేసి టేపుతో మూయండి. లోపలి వైపే ఎందుకంటారా? చలికాలపు రాత్రి మన ప్రాంతంలో బయట బాగా చల్లబడుతుంది, గదిలో మాత్రం 24 డిగ్రీల వెచ్చని తడిగాలి ఉంటుంది. ఆ తడి గోడలోకి చొరబడి, చల్లని ఇనుము తగిలినచోట నీరుగా మారుతుంది. షీటు లోపలి వైపు ఉంటే తడి ఇనుము వరకు చేరదు. బయటివైపు పలుచని ప్లాస్టిక్ షీటు గాని, పీవీసీ పలకలు గాని చాలు.

పైకప్పును చదునుగా కట్టవద్దు. నడుమ ఏడున్నర అడుగుల ఎత్తు ఉంచి, రెండు పక్కలకూ నాలుగంగుళాలు వాలు ఇవ్వండి. కప్పుకు పట్టిన నీటిబొట్లు అప్పుడు గోడల వెంట జారిపోతాయి. చదునుగా ఉంటే అవి నేరుగా పుట్టగొడుగుల మీద పడతాయి, పడినచోట గొడుగు మీద పసుపుపచ్చని మచ్చ వచ్చి కుళ్లుతుంది. ఈ కప్పుకూ సిమెంటు రేకులకూ మధ్య మిగిలే రెండున్నర అడుగుల ఖాళీ ఎండవేడిని చాలా వరకు ఆపుతుంది. కప్పును రేకుల నుంచి వేలాడదీయడానికి వాటికి రంధ్రాలు మాత్రం చేయించవద్దు. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కప్పు బరువు మీ ఫ్రేమే మోయాలి.

ఇక 200 సంచుల మాట. ఈ గదిలో అన్ని పట్టవు, పట్టించకూడదు. రెండు పక్కల గోడలకు మూడంగుళాలు ఎడంగా, 9 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల మూడంతస్తుల ర్యాకులు రెండు వేస్తే నడుమ మూడడుగుల దారి మిగులుతుంది. అడుగు మందం సంచి అంతస్తుకు 18 చొప్పున మొత్తం 108 సంచులు పడతాయి. సంచి బరువు 4 కిలోలు అనుకుంటే ఒక్కో ర్యాకు మీద 200 కిలోలకు పైగా బరువు పడుతుంది కనుక ర్యాకులను గోడ ఫ్రేముకు తగిలించకుండా విడిగా నిలబెట్టండి. అయితే మీ 200 కోరిక తీరే దారి లేకపోలేదు. గడ్డిలో విత్తనం అల్లుకునే మొదటి 15 నుంచి 20 రోజులు సంచులకు వెలుతురు అక్కర్లేదు, కొత్తగాలి కూడా పెద్దగా అక్కర్లేదు. షట్టర్ వైపు మిగిలే ఆరేడు అడుగుల స్థలంలో నల్లగుడ్డ తెర కట్టి కొత్త సంచులను అక్కడ ఉంచి, తెల్లగా అల్లుకున్న తరువాత లోపలికి మార్చండి. తలుపు ముందే ఈ తెర ఉండడం వల్ల మరొక మేలు ఉన్నది: ఒక తలుపు మూసి రెండవది తెరిచే వీలు కలుగుతుంది, పుట్టగొడుగుల ఈగలు నేరుగా లోపలికి రాలేవు.

ఈ గదికి ప్రాణం గాలి. పుట్టగొడుగు మొక్క కాదు. అది మనలాగే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువు గదిలో పేరుకుంటే కాడలు పొడవుగా సాగి, గొడుగులు చిన్నవిగా మిగిలిపోతాయి. కాడ చూస్తే గాలి సంగతి తెలిసిపోతుంది. మీ గది ఘనపరిమాణం సుమారు 580 ఘనపుటడుగులు. గంటకు అయిదుసార్లు గాలి మారాలంటే సుమారు 2,900 ఘనపుటడుగులు కదలాలి. నిమిషానికి 150 ఘనపుటడుగులు లాగే ఆరంగుళాల ఎగ్జాస్టు ఫ్యానును టైమరుతో ప్రతి అరగంటకు 10 నిమిషాలు తిప్పితే ఆ లెక్క సరిపోతుంది. గాలి వచ్చే రంధ్రం ఒక మూల పైన, పోయే ఫ్యాను ఎదుటి మూల కింద ఉండాలి. రెండింటికీ సన్నని నైలాను వల బిగించాలి. ఫ్యాను గాలిని షెడ్డులోకే వదిలితే ప్రయోజనం లేదు. పైపు ద్వారా వెనుక గోడ దాటించి, పడకగది కిటికీకి దూరంగా వదలండి. ముత్యపు చిప్ప గొడుగుల నుంచి రాలే బీజాలు కంటికి కనిపించని ధూళిలా ఉండి, రోజూ పీల్చేవారికి దగ్గు, ఆయాసం తెస్తాయి. కోతకు వెళ్లినప్పుడు మాస్కు తప్పనిసరి. గొడుగు అంచులు పైకి విచ్చుకోకముందే కోస్తే బీజాలూ తగ్గుతాయి, ధరా పలుకుతుంది.

విద్యుత్తు విషయంలో ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవద్దు. స్విచ్చులు, టైమరు, ప్లగ్గు అన్నీ గది బయట ఉండాలి. లోపల నీరు చొరబడని ఎల్ఈడీ దీపం, ఫ్యాను మాత్రమే ఉండాలి. ఈ లైనుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైనును వెంటనే ఆపివేసే స్విచ్చు) పెట్టించి, ఇనుప ఫ్రేముకు ఎర్తింగు ఇప్పించండి. తడి నేల మీద నిలబడి ఇనుప ర్యాకు పట్టుకునే గది ఇది. స్కూటరును కూడా ఈ షెడ్డులో పెట్టవద్దు. పెట్రోలు ఆవిరికీ ఇన్ని తీగలకూ ఒకే కప్పు కింద చోటు ఉండకూడదు.

విత్తనం కొనేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. మన ఒడియా ఇరుగుపొరుగు ‘పాళ ఛతు’ అనేది వరిగడ్డి పుట్టగొడుగును; ‘పాళ’ అంటే గడ్డి. తెలుగువాళ్లు దానిని వేరే రకమైన పాల పుట్టగొడుగు అనుకొని ఒకదానికి బదులు ఇంకొకటి తెచ్చుకుంటుంటారు. మీకు కావలసిన ముత్యపు చిప్ప పుట్టగొడుగును వాళ్లు ‘ఢింగ్రీ ఛతు’ అంటారు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సాలు కర్రతో ఫ్రేము కట్టి, లోపల ప్లైవుడ్ కొట్టి గది చేసుకున్నాను. రెండు నెలలకే ప్లైవుడ్ మీద నల్లమరకలు, సంచుల మీద ఆకుపచ్చ బూజు వచ్చాయి. పెయింటు వేస్తే ఆగుతుందా? – ఒక పాఠకుడు

సమాధానం: ఆగదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు అడవిలో ఎండిన చెట్ల మానులను తిని బ్రతికే జీవి. దానికి అనువైన తేమ, వెచ్చదనం కల్పించిన గదిలో ప్లైవుడ్ పెడితే రకరకాల బూజులకు కూడా విందు పెట్టినట్లే అవుతుంది. పెయింటు పై ముఖాన్ని కాపాడుతుంది కాని కోసిన అంచులను, మేకు రంధ్రాలను కాపాడలేదు. ప్లైవుడ్ మొత్తం తీసివేయండి. సాలు కర్ర గట్టిది కనుక ఫ్రేమును ఉంచుకోవచ్చు. కాని కర్ర అంతా పాలిథీన్ షీటుకు బయట, పొడిగాలి తగిలే వైపు ఉండేలా లోపలి నుంచి కొత్త షీటు వేయండి. నిలువు కర్రల అడుగుభాగాలు నేలను తాకకుండా ఇటుక గట్టు మీదికి ఎత్తించండి. సంచుల మీది ఆకుపచ్చ బూజుకు మాత్రం గది ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు అది సరిగా ఉడకని గడ్డితోనే వస్తుంది. బూజు పట్టిన సంచులను గదిలో విప్పవద్దు, మూతి కట్టి బయటికి తీసుకుపోయి దూరంగా పూడ్చండి. నేలకూ గట్టుకూ సున్నం కొట్టి, గదిని వారం రోజులు తెరిచి ఆరబెట్టిన తరువాతే కొత్త పంట పెట్టండి.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. వేసవిలో మా ఊరి ఎండ మీకు తెలిసినదే. ఇలాంటి గదికి ఏసీ పెట్టిస్తే ఏడాది పొడుగునా పండించవచ్చునా? – ఒక పాఠకుడు

సమాధానం: ఏసీ గదిని చల్లబరుస్తూనే గాలిలోని తేమను నీరుగా బయటికి పారబోస్తుంది. మీరు ఒకవైపు తేమ కోసం నీళ్లు చల్లుతూ, మరొకవైపు దానిని తీసివేయడానికి కరెంటు బిల్లు కట్టవలసి వస్తుంది. సిరొంచలో ఏప్రిల్, మే నెలల గాలి వేడిదే కాదు, చాలా పొడిది కూడా. ఆ పొడితనమే మీకు మేలు. ఎడారి కూలరును గది గోడకు బిగిస్తే బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా లోపల 28 నుంచి 30 డిగ్రీల దగ్గర నిలపవచ్చు. తేమా కొత్తగాలీ దానితోనే వస్తాయి, కనుక విడిగా ఫ్యాను అక్కర్లేదు, ఎదుటి గోడలో వల బిగించిన రంధ్రం ఉంటే చాలు. ఆ వేడిలో ముత్యపు చిప్పకు బదులు 25 నుంచి 35 డిగ్రీల వరకు పెరిగే పాల పుట్టగొడుగు వేయండి. జూన్‌లో వానలు మొదలై గాలి తడిసిన తరువాత కూలరు చల్లదనం ఇవ్వదు. అప్పుడు నీటి పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపండి, కూలరు గడ్డి మెత్తలను తీసి ఎండలో ఆరబెట్టండి. తడిగా వదిలేస్తే వాటిలో పెరిగే బూజు ఫ్యాను గాలితో నేరుగా మీ సంచుల మీదికే వస్తుంది.