బాలిలో గెరింగ్సింగ్ గుడ్డకి అంత ధర ఎందుకు? కొనొచ్చా?

తెంగనాన్ ఊళ్లో ఒక నూలు గుడ్డకి చెప్పిన ధర విని వెనక్కి వచ్చేశామని, అలాంటిదే సుకావతి బజారులో చాలా చౌకగా దొరికిందని రాశారు. తేడా ఏమిటి, మళ్లీ వెళ్తే కొనొచ్చా అని అడిగారు. బజారులో మీరు చూసింది అచ్చు వేసిన గుడ్డ అయి ఉంటుంది. ఊళ్లో చూసింది గెరింగ్సింగ్, బొమ్మ నేతలోనే తేలే గుడ్డ. దాని పని చూసినవాళ్లకి ఆ ధర ఎక్కువనిపించదు.

నేను పుట్టింది తెలంగాణలోని నేత ఊరు పుట్టపాకలో. పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డ పోగులు) రెండూ చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట ముందే ముడులు బిగించి, రంగులద్ది నేసే ఇల్లు మాది. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్లు మా నాయన చేతి పని. ఉద్యోగం మీద మూడేళ్లు బాలి రాజధాని డెన్‌పసార్‌లో ఉన్నాను. ఒక ఆదివారం తూర్పున కరంగాసెం వైపు వెళ్లి తెంగనాన్‌లో దిగాను. ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ నేస్తోంది. మనలాగా గుంటమగ్గం కాదు. పడుగు ఒక కొస ఎదురుగా బిగించి, రెండో కొసని నడుము వెనక కట్టె బద్దకి తగిలించుకుని, ఒంటితోనే బిగువు సరిచూసుకుంటోంది. పక్కనే దండెం మీద నూలు ఆరుతోంది. ఆ వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి. నూనె తాగిన నూలు వాసన. మా ఇంటి వాసన.

వాళ్లు నూలుని కెమిరి అనే గింజల నూనెలో, బూడిద నీళ్లలో వారాల తరబడి నానబెడతారు. మేం ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్లు, నూనె వాడతాం. నూనె పట్టించని నూలుకి ఆ ఎరుపు లోపలిదాకా దిగదు. వాళ్ల ఎరుపు తొగరు జాతి చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. ముంచడం, ఆరబెట్టడం, నెలలకొద్దీ పక్కన పెట్టి మళ్లీ ముంచడం. నీలిమందు పని మాత్రం తెంగనాన్‌లో చెయ్యరు. అది వాళ్లకి నిషిద్ధం, పక్క ఊరు బుగ్‌బుగ్‌లో వేయించుకుంటారు. నీలం మీద ఎరుపు పడ్డచోట నలుపు తేలుతుంది. ఇలా ఒక్క గుడ్డకి ఏళ్లు పడుతుంది. నేసేటప్పుడు పడుగు మీది బొమ్మ, పేక మీది బొమ్మ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి కాబట్టి సన్నని మొనతో పోగులు జరుపుకుంటూ వెళ్లాలి. ఇండోనేషియా మొత్తంలో ఇలా పడుగుకీ పేకకీ రెండిటికీ చిటికి కట్టి నేసే ఊరు అదొక్కటే.

ధర సంగతి ఇది. కానీ అసలు సంగతి గుడ్డ చేసే పనిలో ఉంది. గెరింగ్ అంటే రోగం, సింగ్ అంటే లేదు. రోగాన్నీ కీడునీ దగ్గరికి రానివ్వదని వాళ్ల నమ్మకం. పడుగు ఒక చుట్టులా మగ్గం మీదికి ఎక్కుతుంది, నేత అయ్యాక కొద్దిమేర నేయని పోగులతో గొట్టంలాగే దిగుతుంది. దేవుడికి ఇచ్చేదాన్ని కొయ్యరు. మొదలూ తుదీ లేని ఆ చుట్టులోనే దాని బలమంతా ఉంది. ఇది తెలియక ఆ రోజు నేను, మా నాయనకి చూపించడానికి ఒక మూల ముక్క కోసిస్తారా అని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు. గుడ్డని మెల్లగా మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఆ పక్కనున్న ఆమె మనవరాలు విషయం చెప్పాక చేతులు జోడించి క్షమించమన్నాను.

తర్వాత ఒక తోటి ఉద్యోగి ఇంట్లో పళ్లు అరగదీసే శుభకార్యానికి పిలిచారు. ఈడొచ్చిన పిల్లలకి పై వరసలో ఆరు పళ్లని ఆకురాయితో కొద్దిగా సమం చేస్తారు. కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలు, మనం చెప్పుకునే ఆరే, ఆ ఆరు పళ్లు. పిల్ల తల పెట్టుకున్న దిండు మీద గెరింగ్సింగ్ పరిచి ఉంది. వాళ్ల నాయనమ్మ కాలం నాటిది, అంచులు పీలికలై ఉంది, అయినా దాన్నే పరిచారు. పిల్ల భయంతో దాని అంచు పిడికిట్లో పట్టుకునే ఉంది. ఆ పూట నుంచి నేను దాన్ని బట్టగా చూడలేకపోయాను.

వీలైతే మే, జూన్ నెలల్లో వెళ్లండి. తెంగనాన్‌లో ఉసబ సంబా పండుగ సాధారణంగా అప్పుడే వస్తుంది. మగపిల్లలు ముళ్ల మొగలి ఆకులతో ఇంద్రుడి పేరిట పోరాడతారు, ఆడపిల్లలు ఈ గుడ్డలు చుట్టుకుని రెజాంగ్ అనే నాట్యం ఆడతారు. దారి పొడవునా చెట్లకీ విగ్రహాలకీ చుట్టిన నలుపు తెలుపు గళ్ల గుడ్డ పోలెంగ్, అది వేరు. మంచీ చెడూ జంటగా ఉంటాయన్న గుర్తు.

కొనేటప్పుడు గుడ్డని తిప్పి చూడండి, రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉండాలి. బొమ్మ అంచులు గీత గీసినట్టు కాక కొద్దిగా చెదిరి ఉండాలి. కొసన వేలాడే పోగుల్లో కూడా రంగు ముక్కలు ముక్కలుగా కనిపించాలి, అచ్చు గుడ్డలో అది రాదు. నేసినవాళ్ల ఇంటి అరుగు మీదే కొనండి, గీచి గీచి బేరం ఆడకండి. అంత పెట్టలేకపోతే సిడెమెన్ ఊళ్లో ఎండెక్ అనే గుడ్డ తీసుకోండి. పేకకి మాత్రమే చిటికి కట్టింది కాబట్టి ధర దిగుతుంది, కట్టుకోవడానికీ హాయి. 2021లో అక్కడి గవర్నరు ప్రతి మంగళవారం ఎండెక్ కట్టుకోవాలని చెప్పాక ఆఫీసుల్లోనూ బాగా కనిపిస్తోంది.

నేను చివరికి సన్నని పైగుడ్డ ఒకటి తెచ్చాను. మా నాయన దాన్ని వేళ్లతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, నూనెలో ఎన్ని రోజులు ఉంచారని అడిగాడు.

కొన్నాక మాత్రం కత్తెర పెట్టకండి, జాకెట్టు కుట్టించకండి. ఉతకాల్సి వస్తే సబ్బు లేకుండా చల్లటి నీళ్లలో ముంచి నీడన ఆరేయండి. మా ఇంట్లో ఉన్నదాన్ని ఏడాదికోసారి అలాగే చేస్తున్నాం, ఎరుపు దిగలేదు.